ఆరో రీలులో కేక

మార్చి 3

ఒరేయ్ పిడుగూ,

అక్క ఫోన్ ఎత్తడం లేదని అలిగి కూర్చున్నావట, మీ బావ చెప్పాడు. అలక తర్వాత, ముందు సంగతి విను. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అరవడమే నా ఉద్యోగం కదా. ఇంటికొచ్చాక కూడా నోరు వాడితే గొంతు శాశ్వతంగా పోతుందని డాక్టరు భయపెట్టాడు. నెల రోజులు ఇంట్లో నోరు మెదపకూడదట. మీ బావ అట్టముక్క మీద "ఈ ఇంట్లో సైగలే" అని రాసి తలుపుకి తగిలించాడు. ఫోన్ కూడా ఆయనే ఎత్తి నా తరఫున మాట్లాడుతున్నాడు. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడు మాత్రం "ఇప్పుడు కాస్త తగ్గినట్టుందే?" అని నా మొహం కేసి ఆశగా చూస్తాడు.

మెసేజీలు కొట్టొచ్చు కదా అంటావు. ఆ బొటనవేలి కబుర్లలో నా కోపం నీకు సరిగ్గా తగలదు, అందుకే ఉత్తరం. సినిమాని ఎవడో దొంగిలించి బయటపెడతాడని కంపెనీవాళ్లకి హడలు. అందుకని ప్రతి రీలూ డిస్కులోకి ఎక్కించి, దూది పరిచిన పెట్టెలో పెట్టి, వారానికి రెండుసార్లు వ్యానులో మీ ఊరు, మీ శబ్దాల గదికి పంపిస్తున్నారు కదా. ఆ దూది కింద ఈ ఉత్తరం దూర్చాను. వ్యాను డ్రైవరు పెద్దాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. జవాబు నువ్వూ అదే పెట్టెలో పడెయ్యి.

ఇవాళ నేను పడ్డ దెబ్బలు చెప్తా. నేను గొంతిచ్చే ముళ్లపంది చెట్టు మీంచి ఎలుగుబంటి పొట్ట మీద పడింది. అక్కణ్ణించి ఎగిరి రాతికి కొట్టుకుంది. రాయి దొర్లి దాని తోక మీదే నిలబడింది. ఉడుత జాలిపడి రాయి ఎత్తబోయి, చేతకాక మళ్లీ వదిలింది. ఇదంతా పొద్దున. మధ్యాహ్నం మొసలి నోట్లో నలిగాను. సాయంత్రం దుంగ కింద పడ్డాను. మా బొమ్మల సినిమా "చిట్టడవి దండు" మొదటి భాగంలో ముళ్లపందికి మొత్తం పంతొమ్మిది దెబ్బలు. పిల్లలు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. రెండో భాగంలో డెబ్బై. ఈ నాలుగో భాగంలో రెండువందల పన్నెండు. ఐదో భాగం తీస్తే ముళ్లపందిని నేరుగా మిక్సీలో వేస్తారేమో.

మా డైరెక్టరుగారికి మేం పెట్టిన పేరు "ఇంకొక్కటి". ఎంత అరిచినా "బాగుందమ్మా, ఇంకొక్కటి" అంటాడు. అరుపు సరిగ్గా దెబ్బ పడే క్షణానికి రావాలి కదా, అందుకని నా చేతిమీద నేనే ఫెడీమని కొట్టుకుంటున్నాను. మోచేతి దాకా కమిలిపోయింది. ఈ ఎండల్లో పొడుగు చేతుల బట్టలు, మెడకి మఫ్లరు. అద్దంలో చూసుకుంటే నాకే జాలేసింది.

మా మరదలు ఎలా ఉంది? నా మేనకోడలు బళ్లో అల్లరి చేస్తోందా లేదా? ఇద్దరి సంగతీ రాయి. నీ సంగతి నువ్వు ఎలాగూ రాస్తావు.

మూగదైన మీ అక్క

*

మార్చి 7

అక్కా,

రీళ్లు చేరాయి. ఉత్తరం కూడా. నువ్వు మూగదానివయ్యావంటే బావ అదృష్టవంతుడే.

నీ అరుపుల కింద దెబ్బలు వేసేది ఎవరనుకున్నావు? ఈ తమ్ముడే. ఎలుగుబంటి గుద్దుకి గుమ్మడికాయ మీద తడిపిన తోలుకోటు కప్పి పిడికిలితో ఒక్కటిస్తాను. చెంపదెబ్బకి క్యాబేజీ. ముళ్లు విరగడానికి ఎండుపుల్లలు. మా గదిలో ఇంకో ఇద్దరున్నారు కానీ వాళ్లు కొడితే కూరగాయల మార్కెట్టులా ఉంటుంది, నేను కొడితే దెబ్బలా ఉంటుంది. "నీ చెయ్యి పడితే చాలు, హాలంతా అదిరిపోతుంది" అని మా హెడ్డు అందరి ముందూ అన్నాడు. దెబ్బలో ముఖ్యం బలం కాదక్కా, ఆగడం. కొట్టాక చెయ్యి వెంటనే తీసేస్తే పిల్లలాటలా ఉంటుంది. ఒక్క క్షణం అక్కడే ఉంచాలి.

పాపని ఒకరోజు గదికి తీసుకెళ్లాను. ఎలుగుబంటి ఉడుతని కొట్టేచోట నేను గుమ్మడికాయ మీద ఒక్కటిచ్చేసరికి బల్ల కిందికి దూరింది. లాగినా రాలేదు. ఐదేళ్లు వచ్చాయి, ఊళ్లో పిల్లలంతా దండు అంటే చెవి కోసుకుంటారు, దీనికి మాత్రం ఏడుపు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మన రక్తం ఇంత పిరికిది ఎలా అయిందో.

నీ మరదలు బాత్రూంలో జారి మణికట్టు బెణికించుకుంది. పోయిన నెల అలమర తలుపు తగిలింది, ఈ నెల బాత్రూం. చూసి నడవమని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తాను, వింటేనా. పళ్ల క్లినిక్‌కి ఒక్క చేత్తోనే వెళ్తోంది. డాక్టరు పక్కన నిలబడి గిన్నె పట్టుకోవడానికి ఒక్క చెయ్యి చాలదా. వంట నేనే చేస్తున్నాను, అది గమనించు.

ఆరో రీలు తొందరగా పంపు. వేటగాడి బోను సీను అందులోనే కదా. దానికి నాలుగు గుమ్మడికాయలు దాచి ఉంచాను.

నీ పిడుగు

*

మార్చి 14

పిడుగూ,

వంట చేస్తున్నావా? ఆ గిన్నెలు తోమేది కూడా నువ్వేనా అని నీ ఉత్తరం వచ్చిన రోజే మీ బావ అడగమన్నాడు. మరదల్ని ఎక్స్‌రే తీయించుకోమను. బెణుకని వదిలేస్తే వంకర తిరుగుతుంది.

ఆరో రీలు, వద్దన్న అరుపులతో సహా, ఈ పెట్టెలోనే ఉంది. దాని సంగతి చెప్పాలి. సీను నీకు తెలుసు. ముళ్లపంది బోనులో చిక్కుకుంటుంది, వేటగాడు బయట నుంచి కర్రతో పొడుస్తూ ఉంటాడు, లోపల అది ఒక్కొక్క ముల్లే రాలుతూ గుండులా అయిపోతుంది. పిల్లలు ఎక్కువ నవ్వాల్సింది ఇక్కడేనట. పొద్దుట నుంచి ముప్ఫై సార్లు అరిచాను. "ఇంకొక్కటి", "ఇంకొక్కటి". ముప్ఫై ఒకటోసారి నాకు ఏమైందో తెలియదు, నా నోట్లోంచి ఒక కేక వచ్చింది. అది నేను అనుకుని వేసింది కాదు. గాజు గది అవతల కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా తలెత్తి చూశారు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి డైరెక్టరుగారు లేచి చప్పట్లు కొట్టి "ఇదమ్మా, దీనికోసమే" అన్నాడు. నేను బయటికొచ్చి వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చి పలక మీద రాసి చూపిస్తే మీ బావకి ఒళ్లు మండింది. నోట్లో నాలుక లేని మనిషి, పెళ్లై పదకొండేళ్లలో గొంతెత్తగా చూడలేదు, అలాంటివాడు ఆ రోజు తలుపు విసిరి వేశాడు. ఉద్యోగం మానెయ్యమని ఒకటే పోరు. మానను. ముళ్లపంది నాది. ఎనిమిదేళ్లుగా దానికి ప్రాణం పోస్తున్నాను, ఇంకెవరో వచ్చి దాని నోట్లోంచి మాట్లాడితే నేను భరించలేను. రెండు రోజులుగా మా ఇద్దరికీ సైగలు కూడా లేవు.

సరే, రీలు విని ఎలా ఉందో రాయి.

మీ అక్క

*

మార్చి 18

అక్కా,

ఇది సరదా ఉత్తరం కాదు. ఒక్కదానివే కూర్చుని చదువు.

ఆరో రీలు విన్నాను. ఇరవై సార్లు విన్నాను. దెబ్బ ఎక్కడ వేయాలో తేల్చుకుందామని విన్నాను, చివరికి గుమ్మడికాయ ముట్టుకోలేదు. నటించేవాళ్లు అరిచేముందు గాలి పీల్చుకుంటారు. ఎంత గొప్పవాళ్లయినా అంతే. నీ మిగతా ముప్ఫై అరుపుల్లోనూ ఆ గాలి ఉంది. ఈ కేక ముందు లేదు. దెబ్బ తిన్నవాళ్లకి గాలి పీల్చుకునే తీరిక ఉండదు, ఉన్న గాలి పోతుంది, ఆ పోయే గాలితోనే కేక వస్తుంది. తర్వాత అది పెరగాలి కదా, పెరగలేదు. సగంలో మింగేశావు. పక్కింటివాళ్లకి వినపడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా. ఆ పైన ముక్కుతో రెండు చిన్న చప్పుళ్లు. అది ఏడుపు కాదు, ఏడుపు ఆపుకోవడం. ఈ అరుపు నాకు బాగా తెలుసు. ఇది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు.

అప్పుడు నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. చేతులు కమిలాయి, నేనే కొట్టుకున్నాను అన్నావు. అందరూ అదే చెప్తారు. ఎండల్లో పొడుగు చేతులు ఎందుకు వేసుకుంటారో నాకు తెలుసు. మెడకి మఫ్లరు ఎందుకు చుడతారో తెలుసు, వేళ్ల గుర్తులు వారం దాకా పోవు. ఫోన్ మొగుడే ఎందుకు ఎత్తుతాడో తెలుసు. ఇంట్లో మాటలు లేవు, నోరు మెదపకూడదు, ఉద్యోగం మానెయ్యి, తలుపులు విసరడం. గొంతు డాక్టరట! అక్కా, ఈ కథలు ఇంకెవరికైనా చెప్పు.

బావ చెయ్యి చేసుకుంటున్నాడు కదూ?

ఒక్క మాట రాయి. అవును అని రాస్తే చాలు. కళ్లజోళ్ల అద్దాలు సానబట్టుకునే బక్కప్రాణి, వాడికి నా అక్క మీద చెయ్యెత్తే దమ్ము ఎక్కణ్ణించి వచ్చిందో నేను చూస్తాను.

నీ తమ్ముడు

*

మార్చి 22

ఒరేయ్ వెర్రి నాగన్నా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. గోరంత దాన్ని కొండంత చేయడం నీకు కొత్త కాదు కానీ ఈసారి మరీ శృతి మించింది. మీ బావా? నన్నా? స్నానాల గదిలో బొద్దింక కనపడితే దాన్ని కాగితం మీదికి ఎక్కించి, బయట గోడ మీద దింపి, అది వెళ్లిపోయేదాకా నిలబడి చూసే మనిషి ఆయన. నన్ను కొట్టాలంటే ముందు నా అనుమతి అడుగుతాడు.

గొంతు డాక్టరు నిజం. మఫ్లరు నిజం. చేతిమీద నేను కొట్టుకున్నది నిజం, డబ్బింగ్ థియేటర్లో ఆరుగురు చూశారు. ఉద్యోగం విషయంలో మా మాటపట్టింపు కూడా తీరిపోయింది. పలక మీద "తప్పయింది" అని రాసి దాని పక్కన ముళ్లపంది బొమ్మ వేశాడు. పంది ఎలుకలా వచ్చింది.

ఆ కేక సంగతి అడిగావు. ఇంత సన్నంగా విన్నావంటే నీ చెవులకి దణ్ణం పెట్టాలి. అది ఎక్కడిదో నాకు తెలుసు. కానీ అది ఉత్తరంలో రాసేది కాదురా. నువ్వు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తాను. నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. చూపిస్తే ఏమవుతుందో ఊహించుకోడానికి కూడా నాకు మనసొప్పలేదు.

ఈ వారంతో నా దెబ్బలు అయిపోతాయి. చివరి రీలులో దండు అంతా కలిసి ఏటిలో ఈత కొడతారు. తాబేలు పాట పాడుతుంది. అక్కడ మాత్రం నాకు ఎవరి నుంచీ దెబ్బలు లేవు. పాపకి ఆ రీలు ఒక్కటీ చూపించు, దానికి నచ్చుతుంది.

మనసులో ఏమీ పెట్టుకోకు.

మీ అక్క

*

మార్చి 27

అక్కా,

పని అయిపోయింది. మీ ఊరి బస్టాండులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇది నీ థియేటరు గేటు దగ్గర ఇచ్చి బస్సెక్కుతాను. నిన్ను కలిస్తే వద్దంటావని కలవలేదు.

"నువ్వు వచ్చినప్పుడు చెప్తాను" అన్నావు, "ఆయనకి ఉత్తరం చూపించలేదు, ఏమవుతుందో" అన్నావు. ఇంతకంటే ఎలా పిలుస్తావు పాపం. అర్థమైంది. వచ్చాను.

మధ్యాహ్నం షాపులో ఒక్కడే ఉన్నాడు. సానరాయి దగ్గర కూర్చుని అద్దం అరగదీస్తున్నాడు. నేను లోపలికి వెళ్లి షట్టరు దించాను. నన్ను చూసి గబగబా లేచి నిలబడ్డాడు. మొదటిది దవడ మీద. తల వెనక్కి వెళ్లి అద్దాల అరకి కొట్టుకుంది, అర మొత్తం మీద పడింది. కింద పడ్డ కళ్లజోళ్ల మీదే మోకాళ్లతో కూలబడ్డాడు. రెండోది నోటి మీద. తర్వాత పక్కటెముకల మీద కాలితో. ఎన్నని లెక్కపెట్టలేదు. కుడిచెయ్యి పట్టుకుని "ఈ చెయ్యేనా?" అని అడిగాను. పనిముట్ల సొరుగు తెరిచి, వేళ్లు అందులో పెట్టి, తుంటితో సొరుగు మూశాను. మళ్లీ తెరిచి మళ్లీ మూశాను.

నీకు ఒక సంగతి చెప్పాలి. పన్నెండేళ్లుగా నేను వేస్తున్న చప్పుళ్లన్నీ అబద్ధం. వేళ్లు విరిగితే ఎంత చిన్న చప్పుడో, తలుపు గడియ పడ్డట్టు. గుమ్మడికాయకి సినిమాలోనే చోటు. వాడు అరవను కూడా లేదు. నా మొహంలోకి చూస్తూ ఉన్నాడంతే.

ఇక నీ మీద చెయ్యి లేవదు. మఫ్లరు తీసేసి హాయిగా తిరుగు. నాకు చాలా రోజుల తర్వాత చేతులు తేలిగ్గా ఉన్నాయి. అన్నం కూడా బాగా తిన్నాను.

నీ కాపలావాడు

*

మార్చి 31

నిన్ను ఏమని పిలవాలో తెలియక పేరు లేకుండా మొదలుపెడుతున్నాను.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. మీ బావకి దవడ విరిగింది, తీగలతో కట్టారు. ముందు పళ్లు మూడు లేవు. పక్కటెముకలు రెండు. కుడిచేతి మూడు వేళ్లు, అందులో చూపుడువేలు రెండు చోట్ల. అద్దం అంచు ఎంత అరిగిందో ఆ వేలితో తడిమి చెప్పేవాడు. ఇక ఆ వేలికి స్పర్శ రాదన్నారు. ఎడమచేత్తో పలక మీద రాసి చూపించాడు. నువ్వు షట్టరు దించి లోపలికి వస్తుంటే నాకేదో అయిందని చెప్పడానికి వచ్చావనుకున్నాడట. అందుకే గబగబా లేచాడట. నువ్వు కొడుతున్నంతసేపూ నేను బతికే ఉన్నానా లేదా అన్నదే ఆయన భయం.

ఆయన నా మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. చెప్పాను, నువ్వు నమ్మలేదు. ఎదురుగా చెప్తానన్నది ఇప్పుడు కాగితం మీదే చెప్తాను.

ఆ కేక అమ్మది.

నాన్న అమ్మని వంటగదిలో కొట్టేవాడు. తలుపేసి కొట్టేవాడు. అమ్మ పక్కవాటాల వాళ్లకి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ రోజు ముప్ఫైసార్లు అరిచి అరిచి నాలో నాదంటూ ఏమీ మిగలనప్పుడు, అమ్మ అరుపు దానంతట అదే వచ్చింది. అంతకుముందు ఆ కేక ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. వేసిన అమ్మకి, విన్న నాకు. నీకు తెలియదు. వంటగది తలుపు పడగానే నిన్ను మంచం కిందికి లాక్కుపోయి, నీ తల నా ఒళ్లో పెట్టుకుని, నీ చెవులు రెండూ నా అరచేతులతో మూసేదాన్ని. గట్టిగా మూసేదాన్ని. నీకు నొప్పి పుట్టి నా చెయ్యి కొరికేవాడివి. నీకు నాలుగేళ్లప్పుడు నాన్న పోయాడు. అమ్మ కేక నువ్వు ఒక్కసారి కూడా వినలేదు. వినకుండా నేను చూసుకున్నాను.

మరి "ఈ అరుపు నాకు బాగా తెలుసు" అని రాశావు. ఎలా తెలుసురా?

మూడు రోజులుగా ఈ వరండాలో నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. గాలి పీల్చుకునే తీరిక ఉండదన్నావు. సగంలో మింగేస్తారన్నావు. వేళ్ల గుర్తులు వారం దాకా పోవన్నావు. మెడకి మఫ్లరు చూస్తే ఎవరికైనా జలుబు చేసిందేమో అనిపిస్తుంది. నీకే ఎందుకు అలా తోచింది? అందరూ అదే చెప్తారన్నావు. ఆ అందరూ ఎవరు? నీకు ఆ మాట చెప్పినది ఎవరు?

జవాబు రాయి. వంకలు లేకుండా రాయి.

*

ఏప్రిల్ 2

అక్కా,

పెట్టె ఇవాళ పొద్దున వచ్చింది. నీ ఉత్తరం చదివాను. బావ విషయంలో పొరపాటైంది. ఒప్పుకుంటున్నాను. నీ మీద ప్రేమ ఎక్కువై కళ్లు మూసుకుపోయాయి, అంతే తప్ప నాకు ఆయన మీద ఏం పగ? ఆసుపత్రి ఖర్చు ఎంతైనా సరే నాది. కాళ్లు పట్టుకుంటాను. కానీ నువ్వు చివర్లో రాసింది మాత్రం బాగోలేదు. శబ్దాలతో బతికేవాడిని, నాకు ఏ చప్పుడు ఎలా ఉంటుందో తెలియదా? ఆ మాత్రం దానికి లాయరులా నిలదీస్తావేం? మొగుడూ పెళ్లాలన్నాక మాటా మాటా వస్తుంది. ఏ ఇంట్లో లేదు? ఒకటి రెండుసార్లు చెయ్యి జారి ఉండొచ్చు. దానికి నోరు ఎక్కువ, పాపని నా మీదికి ఎగదోస్తుంది, నీకు పైకి కనపడేంత అమాయకురాలేం కాదు. నాన్నకీ నాకూ పోలిక పెడుతున్నావు. నాన్న తాగేవాడు. నేను చుక్క ముట్టను.

సాయంత్రం ఆరు. పైది మధ్యాహ్నం రాసి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడే ఇంటికొచ్చాను. తాళం వేసి ఉంది. పాప బడి సంచీ లేదు. బట్టల అలమర సగం ఖాళీ. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి వచ్చి తీసుకెళ్లిందన్నారు, మెడకి మఫ్లరు కట్టుకుందట.

అక్కా, నా పెళ్లాం, నా బిడ్డ. ఇది నా ఇల్లు. మధ్యలో వేలు పెట్టకు. ఎక్కడ దాచావో చెప్పు. నేను మంచిగా అడుగుతున్నాను. మంచిగా అడగడం ఒక్కసారే. షాపు ఎక్కడుందో తెలుసు, నీ ఇల్లు ఎక్కడుందో తెలుసు, ఆసుపత్రి ఏ వీధిలో ఉందో కూడా తెలుసు.

తప్పుగా అనుకోకు. కోపంలో రాశాను. దాన్ని ఇంటికి పంపించు. ఇంక ఏమీ అనను, పాప మీద ఒట్టు. పొద్దున మొదటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, వెంటనే జవాబు ఇయ్యి.

నీ పిడుగు

*

ఏప్రిల్ 6

తమ్ముడూ,

నా ఉత్తరం వచ్చిన వ్యానులోనే నేనూ వచ్చాను. డ్రైవరు పెద్దాయన పక్కన కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చాను. నువ్వు గదిలో దూది తీసి చదువుకుంటున్న గంటలో నేను పళ్ల క్లినిక్ గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూడగానే నా మరదలు ఎడమచేత్తో కుడి చేతి బట్ట కిందికి లాక్కుంది. నేనేమీ అడగలేదు. గొంతు కూడా లేదు. నా చేతి బట్ట పైకి మడిచి నా కమిలిన చెయ్యి చూపించాను. కాసేపు చూసింది. తర్వాత తనదీ మడిచింది. నా చేతిమీద ఉన్నది నేను కొట్టుకున్నది. తన చేతిమీద పాతవాటి మీద కొత్తవి ఉన్నాయి. మణికట్టు బెణకలేదు, విరిగి వంకరగా అతుక్కుంది. ఇప్పుడు మళ్లీ విరగ్గొట్టి సరిచేయాలన్నారు.

అదే వ్యానులో తిరిగి వచ్చే దారిలో పాప నన్ను గొంతు ఎందుకు పోయిందని అడిగింది. ముళ్లపందిలా అరిచి అరిచి పోయిందని గుసగుసగా చెప్పాను. "అమ్మలా చిన్నగా అరిస్తే పోదత్తా" అంది. ఐదేళ్ల పిల్ల నాకు అరవడం నేర్పింది. పెద్దాయన వ్యాను పక్కకి ఆపి కాసేపు కిందికి దిగి నిలబడ్డాడు.

డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లి ఆ కేక సినిమాలోంచి తీసెయ్యమన్నాను. అంత మంచిది మళ్లీ రాదన్నాడు. తీయకపోతే ముళ్లపంది ఐదో భాగంలో మూగది అవుతుందన్నాను. తీశాడు.

నువ్వు ఈ ఉత్తరానికి జవాబు రాయనక్కర్లేదు. దీన్ని పెట్టెలో పంపడం లేదు. మీ ఊరి స్టేషను ఇన్‌స్పెక్టరుగారి చేతికి ఇస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ కూడా ఆవిడకి ఇచ్చేశాను. గుమ్మడికాయ ఉత్తరం నుంచి, ఆసుపత్రి ఏ వీధిలో ఉందో తెలుసన్న ఉత్తరం దాకా. సొరుగు ఎన్నిసార్లు మూశావో నువ్వే రాశావు కాబట్టి మీ బావని మళ్లీ మళ్లీ అడిగి బాధపెట్టే పని తప్పిందన్నారు. మార్చి పద్దెనిమిది నాటి ఉత్తరం రెండుసార్లు చదివారు. మొగుడు చెయ్యి చేసుకునే ఇంటి గురించి ఇంత వివరంగా రాసినవాణ్ణి ఇరవై ఏళ్ల సర్వీసులో చూడలేదన్నారు. ఫిర్యాదు నా చేత్తో రాశాను. మరదలు సంతకం చేసింది. మీ బావ ఎడమచేత్తో చేశాడు. వాళ్లెక్కడున్నారో ఇందులో రాయను.

నాకు కోపం ఉంది. అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని నేను. నీకు అన్నం కలిపి పెట్టినదాన్ని నేను. నీ చెవులు మూసి నిన్ను కాపాడాననే అనుకున్నాను ఇన్నేళ్లూ. నిన్ను ద్వేషించడం నాకు చేతకాలేదు, ప్రయత్నించాను. కానీ నా మరదలు ఇంకొక్క దెబ్బ కూడా తినదు. దానికోసం నిన్ను వదులుకోవాలంటే వదులుకుంటాను.

ఇన్‌స్పెక్టరుగారు నీ ఎదురుగానే నిలబడి ఉంటారు. ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా ఆగండి, వాడికి ఇంకెవరూ లేరు అని అడిగాను. ఆగుతానన్నారు.

ఇంతేరా. అయిపోయింది. లేచి ఆవిడతో వెళ్లు.

అక్క